నీ కాగితంలో ‘ఉ.ము.’

ప్రియమైన నీకు,

ఇక్కడ నేనూ, నాన్నా, పిల్లలిద్దరూ క్షేమం. మీ వదిన మోకాలు కుదుటపడిందనీ, కర్ర పట్టుకుని వరండా ఆ చివరిదాకా నడుస్తోందనీ రాశావు, సంతోషం. ఆవిడకి సేవ చేస్తూ నువ్వు తిండి మానేయకు. ‘క్షేమం’ అన్న మాట ఈసారి నిజంగానే రాశాను. పోయిన ఉత్తరంలో అలవాటు కొద్దీ రాశాను. ఆ తేడా ఏమిటో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. ఫోన్లో చెప్పేస్తే పోయేది కదా అంటావు. ఫోన్లో అయితే నేను సగం మాట అనగానే నువ్వు “పోనీలెండి” అంటావు. ఆ ఒక్క మాటతో పన్నెండేళ్ళుగా నేను ఎన్నింటి నుంచి తప్పించుకున్నానో లెక్కలేదు. ఈసారి తప్పించుకోకూడదని కాగితం ముందు కూర్చున్నాను.

నువ్వు మూడు అడిగావు. వారం కాగితం పనికొస్తోందా అని ఒకటి. మామయ్యగారి కాళ్ళ వాపు ఎలా ఉందని రెండు. మూడోది, చంటిపిల్లల బడి పెద్ద టీచరుగారు మళ్ళీ ఉత్తరం రాశారనీ, అరవై మంది పిల్లలకి వారం వారం ఏం వండాలో నిర్ణయించి దగ్గరుండి చేయించే పని నీకే ఇస్తామంటున్నారనీ, నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారనీ. “నాకు చేతకాదని రాసేయనా?” అని అడిగావు. ఆ మూడోదానికి జవాబు రాయడానికే ఈ ఉత్తరం. కానీ తిన్నగా అక్కడికి వెళ్ళే ధైర్యం లేదు, వరసగానే వస్తాను.

మొదటిది. ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళ్ళిన కాగితం పనికొస్తోంది. ప్రతి ఆదివారం నువ్వు స్కేలు పెట్టి గీతలు గీసుకుంటుంటే నేనేమనేవాణ్ణో గుర్తుందా? “ఐదుగురున్న ఇంటికి రైళ్ళ పట్టిక ఎందుకే” అనేవాణ్ణి. ఫ్యాక్టరీ క్యాంటీనులో రోజూ మూడొందల మందికి వండి వార్చేవాడికి ఇంటి వంట ఒక లెక్కా అని నా ధీమా. నువ్వు వెళ్ళిన మర్నాడే ఆ ధీమా ఆవిరైపోయింది. నా చెయ్యి పెద్ద గరిటెకి అలవాటుపడి ఉంది కదా. నలుగురికని వండిన అన్నం పైఇంటి టైలరమ్మ వాళ్ళింట్లో రెండు పూటలు తిన్నారు. ఆవిడ గిన్నె తిరిగి ఇస్తూ “ఇంట్లో ఏదైనా శుభకార్యమా అన్నయ్యగారూ, మాకు చెప్పనేలేదు” అంది.

మొదటి వారం నీ కాగితాన్ని నేను ఖాతరు చెయ్యలేదు. సోమవారం పాలకూర, శుక్రవారం క్యాబేజీ అని ఉంటే, ఏదైతేనేంలే అని ముందు క్యాబేజీ వండాను. గురువారానికి పాలకూర సంచీలోనే నీళ్ళు కారి వాసన కొట్టింది. మా క్యాంటీనుకి కూరగాయలు రోజూ పొద్దున్నే వ్యానులో వస్తాయి. ఏది ముందు వడిలిపోతుందో, ఏది వారం ఆగుతుందో ఇరవై ఏళ్ళుగా నేను ఆలోచించాల్సిన పనే పడలేదు. నీ కాగితంలో ఆకు ముందు, కాయ తరవాత, దుంప చివర. సోమవారం ఉడికించిన చిక్కుడు గింజల్లో సగం తీసి ఉంచితే మంగళవారం సూపు. బుధవారం గుడ్లు, ఎందుకంటే ఆ రోజు పెద్దది ఆటలు ముగించుకుని ఆకలితో కొంపంతా ఎగరేస్తుంది, పది నిమిషాల్లో పళ్ళెం ముందుండాలి. శనివారం మిగిలినవన్నీ అన్నంలో వేసి వేయించడం, దానికి నువ్వు ‘బీరువా సర్దుడు’ అని పేరు పెట్టావు. ఈ ఇంటి సంగతి నాకన్నా ఆ కాగితానికే ఎక్కువ తెలుసని రెండో వారానికి అర్థమైంది.

పిల్లల కబురు. పెద్దది క్యారెట్లు నా కంటే సన్నగా తరుగుతోంది. బుడంకాయకి ముందు పన్ను ఊడింది. ఆ సంగతి తనే స్వయంగా నీకు చెప్పాలట, నన్ను రాయొద్దంది. కాబట్టి నేను రాయలేదు, నువ్వు చదవలేదు.

రెండోది. నాన్న కాళ్ళ వాపు తగ్గింది. తగ్గిందని ఇప్పుడు రాస్తున్నాను గాని, పెరిగిన సంగతి నీకు రాయలేదు.

నీ కాగితంలో ప్రతి రోజుకీ ఎదురుగా చివరి గడిలో ‘మామయ్యగారు – ఉ.ము.’ అని ఉంది. మా క్యాంటీను గోడకి నల్లబల్ల ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి ఏమేం తరగాలో దాని మీద నేనే రాస్తాను. బం.ము. అంటే బంగాళాదుంప ముక్కలు. క్యా.ము. అంటే క్యారెట్ ముక్కలు. ఉ.ము. అంటే ఉల్లి ముక్కలు. ఇరవై ఏళ్ళుగా నాకు ఉ.ము. అంటే అంతే. అందుకని రోజూ రెండు పూటలా ఒక పెద్ద ఉల్లిపాయ తరిగి, చిన్న గిన్నెలో పోసి నాన్న పళ్ళెం పక్కన పెట్టాను. కన్నకొడుకునై ఉండి ఆయనకి ఉల్లిపాయలంటే ఇంత ఇష్టమని తెలుసుకోలేకపోయానే అని బాధపడ్డాను కూడా. ఆయన కట్టుడు పళ్ళతో, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఒక్క ముక్క వదలకుండా నమిలేవారు. బుడంకాయ తాతయ్య చెప్పే కథ వినడానికి ముక్కు మూసుకుని మంచం ఆ చివర కూర్చునేది.

మిగతా తిండి అందరితో పాటు అదే గిన్నెలోంచి, అదే గరిటెతో వడ్డించాను. పిల్లలు ముద్దకో గ్లాసు నీళ్ళు తాగుతుంటే ఎండలకేమో అనుకున్నాను. నాన్న మారు అడిగి మరీ తిన్నారు. “ఇన్నాళ్ళకి నోటికి తిండి తగిలిందిరా” అన్నారు. నేను పొంగిపోయి ఆ మాట ఉన్నదున్నట్టు నీకు రాశాను. దానికి నువ్వేం రాశావో గుర్తుందా? “సంతోషమండీ. నేను వండినప్పుడు మామయ్యగారు ఏనాడూ మారు అడగలేదు” అని. నేను ఆ వాక్యం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని పనికి వెళ్ళిపోయాను.

నువ్వు వెళ్ళిన నాలుగో వారం, మంగళవారం పొద్దున, నాన్న కింద గేటు దాకా వెళ్ళి పేపరు తీసుకుని వస్తూ మెట్ల మీద కూలబడిపోయారు. మూడో మెట్టు మీద, కమ్మీ పట్టుకుని. టైలరమ్మ చూసి కేక వేసింది. నేను వెళ్ళేసరికి ఊపిరి అందక రొప్పుతున్నారు, ఒక కాలికి చెప్పు లేదు. వాచిన పాదానికి అది పట్టక చేత్తో పట్టుకుని ఎక్కుతున్నారట. అన్ని రోజులుగా ఎదురుగా కూర్చుని వడ్డించినవాణ్ణి, బల్ల కింద ఆ పాదాలు ఒక్కసారి చూడలేదు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. నీకు పోయిన ఉత్తరం అక్కడి బెంచీ మీద కూర్చుని రాశాను. ‘అందరం క్షేమం’ అని.

డాక్టరమ్మ ఉప్పు సంగతి అడిగింది. నాన్న నవ్వుతూ “మా కోడలు వెయ్యనిచ్చేది కాదమ్మా. ఇప్పుడు మావాడు వేస్తున్నాడు, అందుకే ముద్ద దిగుతోంది” అన్నారు. ఆవిడ నా వైపు తిరిగింది. నేనేమన్నానో తెలుసా? “మా ఆవిడ రాసిపెట్టినట్టే పెడుతున్నానండీ” అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఊళ్ళో లేని నీ మీదకి తోసేశాను. అలా అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రం, అలవాటుగా ఉల్లిపాయ తరుగుతున్నాను. పెద్దది వచ్చి పక్కన నిలబడింది.

“నాన్నా, తాతయ్యకి రోజూ ఉల్లిపాయలెందుకు పెడుతున్నావ్?”

“మీ అమ్మ రాసింది చూడు. ఉ.ము. ఉల్లి ముక్కలు.”

అది కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. “ఉల్లి ముక్కలు కాదు నాన్నా, ఉప్పుకి ముందు. కూరలో ఉప్పు వేసే ముందే అమ్మ తాతయ్యకి వేరే గిన్నెలోకి తీసేస్తుంది కదా. నీకు తెలీదా?”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?”

“నువ్వు పెద్ద వంటవాడివి కదా. నీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నా.”

కత్తి పక్కన పెట్టి అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. ఈ సంగతి నువ్వు నాకు చెప్పలేదని నిన్ను ఒక్క క్షణం నిందించబోయాను కూడా. కానీ చెప్పావు. నాన్నకి పరీక్షలు చేయించుకొచ్చిన రోజు, నేను పేపరు చదువుతుంటే ఎదురుగా నిలబడి, ఆయనకి ఉప్పు పడదనీ, తింటే కాళ్ళు వాస్తాయనీ మొత్తం చెప్పావు. నేను “ఊఁ” అన్నాను. నీ మాటలన్నిటికీ నా జవాబు ఆ ‘ఊఁ’యే కాబట్టి అది విన్న ‘ఊఁ’యో, వినని ‘ఊఁ’యో నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇక మూడోది. ఆస్పత్రిలో జరిగింది ఇంకొకటి ఉంది. పైనే రాయాల్సింది, చెయ్యి రాక ఇక్కడిదాకా నెట్టుకొచ్చాను.

రెండో రోజు నాన్నకి ఇంటి నుంచి క్యారియర్ పట్టుకెళ్ళాను. ఉప్పు సగానికి సగం తగ్గించి, నోట్లో పెట్టుకుంటే గడ్డిలా ఉందని నేనే మొహం చిట్లించుకుని తెచ్చిన కూర. డాక్టరమ్మ చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకుంది. వెంటనే నీళ్ళ సీసా అందుకుంది. “ఇది మీకు చప్పగా ఉందా?” అని రెండుసార్లు అడిగింది. తరవాత మూడు చిన్న కప్పుల్లో నీళ్ళు తెప్పించి తాగమంది. మూడూ మంచినీళ్ళే అన్నాను. ఒకదాంట్లో ఏమీ లేదట. ఒకదాంట్లో చిటికెడు ఉప్పు. మూడోదాన్ని నర్సు చేత తాగిస్తే ఆ పిల్ల వాష్ బేసిన్ దగ్గరికి పరిగెత్తింది.

నా నాలుకకి ఉప్పు తెలియడం లేదు. “ఎప్పటి నుంచి?” అని అడిగింది. తెలియదన్నాను. “ఈమధ్య పెద్ద జ్వరమేదైనా వచ్చిందా?” అంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం పది రోజులు మంచం పట్టాను కదా, నువ్వు తడిగుడ్డలు మార్చుతూ కూర్చున్న జ్వరం. దానివల్లే కావచ్చట, కచ్చితంగా చెప్పలేనంది. కొంత తిరిగి రావచ్చట, రాకపోవచ్చట.

ఆ జ్వరం తగ్గి లేచిన వారమే కదా నేను క్యాంటీను నుంచి ఉప్పు డబ్బా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది? “నీ చేతిలో రుచి పోయిందే” అన్నది అప్పుడే కదా? ఆ తరవాత ముద్ద నోట్లో పెట్టుకోకముందే డబ్బా వంచేవాణ్ణి. నాతో పనిచేసేవాళ్ళు భోజనానికి వస్తే వాళ్ళ ముందు కూడా. మొదట్లో నువ్వు పిల్లల్ని పిలిచి “ఉప్పు సరిపోయిందో లేదో చూడండే” అని అడిగేదానివి. సరిపోయిందని వాళ్ళు చెప్పినా నమ్మేదానివి కాదు, పెద్ద వంటవాడు చాలలేదన్నాడు కదా మరి. కొన్నాళ్ళకి అడగడం మానేశావు. తరవాత మాతో పాటు కూర్చుని తినడం మానేశావు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. చెట్టులో లోపం ఏమీ లేదు, రోగం నాకు. నాలుకకి నరం లేదు, ఎటైనా తిరుగుతుందంటారు కదా, నాది నీ మీదకే తిరిగింది.

ఇంకా ఉంది. నువ్వు వెళ్ళడానికి నెల ముందు పెద్ద టీచరుగారు నాకు వీధిలో కనిపించి, ఈ పని సంగతి ముందు నన్నే అడిగింది. “మీ చిన్నమ్మాయి డబ్బా చూస్తుంటాను, వారమంతా ఒకరోజు పెట్టింది ఇంకోరోజు ఉండదు, ఖాళీ చెయ్యని రోజూ ఉండదు. ఆవిడ మా బడికి వస్తుందా?” అంది. నేను నవ్వి, “మా ఆవిణ్ణి పెట్టుకుంటే పక్కన ఉప్పు డబ్బాని కూడా పెట్టుకోవాలండీ” అన్నాను. జోకు వేశాననుకున్నాను. ఆవిడ మర్యాదకి నవ్వింది. ఆ మాట నేను ఇంటికొచ్చి నీకు కూడా చెప్పి మళ్ళీ నవ్వాను. నువ్వు స్టవ్ తుడుస్తూ ఉన్నావు. తుడిచిందే తుడిచావు.

మొన్న బడికి వెళ్ళి ఆవిడకి జరిగిందంతా చెప్పాను. తప్పు నా నాలుకదనీ, నీ వంటలో ఏ లోటూ లేదనీ చెప్పాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. “ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు, మీ ఆవిడకి” అంది. “నాకు మీ చిన్నమ్మాయి డబ్బా చూస్తే ముందే తెలుసు.”

మా మేనేజరుకి కూడా చెప్పేశాను. మధ్యాహ్నానికే నీళ్ళ ట్యాంకులు ఎందుకు ఖాళీ అవుతున్నాయా అని ఆయన రెండేళ్ళుగా పైపులు తనిఖీ చేయిస్తున్నాడు. “అంటే మూడొందల మందిని దాహంతో చంపావన్నమాట” అన్నాడు. నన్ను గరిటె దగ్గర ఉంచుతాడో, స్టోరు గదిలో సరుకుల దగ్గర కూర్చోబెడతాడో శుక్రవారం చెప్తానన్నాడు. ఇది నీకెందుకు రాస్తున్నానంటే, దాచడం మానేద్దామని. నా పని ఊగిసలాడుతోంది కాబట్టి నువ్వు ఆ పనికి ఒప్పుకోవాలని కాదు. నీకు ఇష్టం లేకపోతే ఒప్పుకోకు. విసుగైతే ఒప్పుకోకు. కానీ చేతకాదని మాత్రం రాయకు. ఆ మాట నీది కాదు, నేను రెండేళ్ళు నీ చెవిలో పోసింది.

నాన్నకి ఉల్లిపాయల కథ చెప్పి క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వారు. “మరి రోజూ అన్నన్ని ఎందుకు తిన్నావు నాన్నా, వద్దంటే పోయేది కదా” అన్నాను. “కోడలు రాసింది అన్నావు కదరా. అది రాసిందంటే ఏదో నా మంచికే అయ్యుంటుందని కళ్ళు మూసుకుని తిన్నాను. నువ్వు పెట్టావంటే మొదటి రోజే కిటికీలోంచి పారేసేవాణ్ణి” అన్నారు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం అందరం ఇంట్లోనే ఉన్నాం. నీ కాగితంలో ఉన్నట్టే బంగాళాదుంపలూ టమాటాలూ వండాను. ఉప్పుకి ముందు నాన్నకి వేరే గిన్నెలోకి తీశాను. ఆయన దాంట్లో నువ్వు చేసినట్టే నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లాను. మిగతా దాంట్లో ఉప్పు నేను వెయ్యలేదు, పెద్దదాన్ని వెయ్యమన్నాను. అది కొంచెం వేసి, రుచి చూసి, ఇంకొంచెం వేసి, కళ్ళు మూసుకుని మళ్ళీ రుచి చూసింది. అచ్చం నీలాగే. బల్ల దగ్గర కూర్చున్నాక బుడంకాయ, ఇంకా ముద్ద కలపకుండానే, నేను చేసినట్టే చెయ్యి చాచి ఉప్పు డబ్బా కోసం వెతికింది. డబ్బా లేదు. పొద్దున్నే తీసి పైఅరలో పెట్టేశాను. “ముందు తిని చూడవే” అన్నాను. తిని చూసింది. ఇంక డబ్బా మాట ఎత్తలేదు.

నేనూ తిన్నాను. నాకు వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది, ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం తెలియలేదు. ఎదురుగా చూశాను. పెద్దది గిన్నె వంచి మారు వడ్డించుకుంటోంది. బుడంకాయ పళ్ళెం వేలితో తుడిచి నాకుతోంది. నాన్న కూడా నీ పద్ధతిలో చేసిన చప్పటి కూర మొత్తం తిన్నారు. వంట బాగుందని వాళ్ళ మొహాలు చూసి తెలుసుకున్నాను. ఆ మొహాలు రెండేళ్ళుగా రోజూ అదే బల్ల దగ్గర నా ఎదుటే ఉన్నాయి, నేను తలెత్తి చూడలేదు.

నువ్వు వచ్చాక వంట చెయ్యమని నేను అడగను. నువ్వు చేస్తే నీ పక్కన కూర్చుని తింటాను, నువ్వు కూర్చున్నాకే తింటాను. చెయ్యకపోతే నీ కాగితం చూసి నేనే చేస్తాను, రుచి చూడ్డానికి పిల్లలున్నారు. ఆదివారం కాగితం మాత్రం నువ్వే రాయాలి, అది నా వల్ల కాదు. గడిలో ఖాళీ చాలకపోయినా సరే, ఇకనుంచి ‘ఉప్పుకి ముందు’ అని పూర్తిగా రాయి. ఈ ఇంట్లో అసలైన మొద్దు ఎవరో ఇప్పుడు నీకు తెలుసు కదా.

ఇట్లు,
పన్నెండేళ్ళుగా నీ ఉప్పు తిని, ఆ విశ్వాసం లేకుండా మాట్లాడిన
నీ ఆయన